తన కొండను విడువని చెట్టు



వైశాఖమాసము వచ్చినదనగా మా నారాయణగూడ వీథులలో ఎఱ్ఱతురాయి చెట్లు ఆకు కనబడకుండ పూచును. గుల్‌మొహర్ అనియు దానిని పిలిచెదరు. చిక్కడపల్లి గ్రంథాలయమునకు పోవు పిల్లలు, అశోక్‌నగరు సందులలో ఉద్యోగపరీక్షలకు చదువుకొను పిల్లలు పుస్తకము చేతబట్టుకొని దాని నీడనే నిలిచియుందురు. ఆ చెట్టు మన దేశపుది కాదు. ఆఫ్రికా ఖండమునకు తూర్పున సముద్రములోనున్న మడగాస్కరు ద్వీపము దాని పుట్టినిల్లు. పందొమ్మిదవ శతాబ్దమున పూవుల సొంపునకు మురిసి దానిని ఓడలకెక్కించి తెచ్చి నాటగా, నేడు ఉష్ణదేశములన్నిటను అది ఇంటి చెట్టే అయినది. ఒక పుట్టినిల్లు, వేయి మెట్టినిండ్లు. అట్టి చెట్టునుగూర్చి మనము చింతింప బనిలేదు.

పుట్టినింటి గడప దాటనేరని చెట్లు కొన్ని గలవు. చింత వాని విషయమున.

పసిఫిక్ మహాసముద్రము నడుమ పాలినీసియా అను ద్వీపసముదాయము గలదు. అందు ఉత్తరపు కొసనున్న హవాయి దీవులలో తప్ప భూమిపై మఱియెచ్చటను పుట్టని వృక్షజాతి యొకటి కలదు. దాని పేరు కొకియ. దానికి మనకు చుట్టరికము లేకపోలేదు. మన దీపపు వత్తికి పత్తినిచ్చు ప్రత్తిమొక్కకు అది జ్ఞాతి. ప్రత్తి మోకాలి యెత్తు నుండి నడుమెత్తు వఱకు పెరుగు మొక్క, ఇది చెట్టు. పూవులు పెద్దవి, ఎఱ్ఱనివి, తేనె త్రాగవచ్చు వంకరముక్కు పిట్టలకు అనువుగా వంగియుండును. ఆ దీవుల ప్రాచీనులు దీని బెరడు నుండి ఎఱ్ఱరంగు తీసి చేపలవలలకు అద్దెడివారు. ఈ జాతిలో నాలుగు తెగలు. ఒక్కొక్క తెగ ఒక్కొక్క దీవిది. అందొకటి పూర్తిగా నశించినది. మొలొకాయి దీవి తెగ కథ వినిన కడుపు తరుగుకొనిపోవును. 1860 ప్రాంతమున తొలుత దొరికిననాడు మూడే చెట్లు. 1918 నాటికి అడవిలోని కడపటి చెట్టును పోయినది. దాని సంతతి యొకటి ఒక యింటి తోటలో మిగిలియుండెనని తరువాత తెలిసెను. అదియు పోయినదనుకొనిరి. 1970లో ఆ తోటలోనే మఱియొక చెట్టు కనబడెను. 1978లో అదియు నిప్పుపాలయ్యెను. అయితే అంతకుముందే ఒక కొమ్మను కోసి, దాని తోబుట్టువగు వేఱొక దీవి చెట్టునకు అంటుకట్టియుంచిరి. నేడా తెగ యంతయు ఆ యొక్క కొమ్మ బిడ్డలే. మన పెరటిలో మామిడికి అంటుకట్టునట్టి పనియే ఒక వంశమును నిలిపినది చూడుడు.

దూరదేశపు కథ యెందుకందురా? అట్టి చెట్టు మన తెలుగునాట నున్నది గనుక.

అది రక్తచందనము. ఎఱ్ఱచందనమని వాడుక. కడప, తిరుపతి, నెల్లూరు జిల్లాల కొండలు, అనగా శేషాచలము, పాలకొండలు, వెలికొండలు, లంకమల, వాని చేరువ తావులు కొన్ని, ఇంతే దీని రాజ్యము. తమిళదేశపు సరిహద్దున కొంచెము గలదు. అంతకుమించి ప్రపంచమున ఏ యడవిలోను ఇది తనంతట తాను మొలవదు. కొకియవలె జాతి యంతయు ఒక్కచోటిది కాదు. దీని జాతిలో వేగిస మొదలగునవి వేఱుచోట్లను గలవు. వేగిసచెక్కతో చేసిన గ్లాసులో రాత్రి నీరు పోసి ఉదయమున గోధుమవన్నె తిరిగిన ఆ నీటిని త్రాగువారిని మీరెఱుగుదురు. ఆ వేగిసకు ఇది చెల్లెలు. కాని చెల్లెలు మాత్రము ఆ కొండలను విడువలేదు.

మనలో ననేకులకు ఒక భ్రమ గలదు. గంధపుచెట్టులోనే తెల్లనిది యొకటి, ఎఱ్ఱనిది యొకటి యని. అది తప్పు. శ్రీగంధము వేఱు కుటుంబము. ప్రక్క చెట్ల వేళ్లనుండి కొంత ఆహారము లాగుకొని బ్రదుకునది. రక్తచందనము కంది, పెసర, చిక్కుడుల కుటుంబమునకు జేరినది. దీని పూవు పసుపువన్నెది, చిక్కుడుపూవు పోలికది, చిన్నది. వేసవి మొదటిలో ఆకు రాలి కొత్తయాకు వచ్చు వేళ గుత్తులు గుత్తులుగా పూచును, కొలదిదినములలో రాలును. కాయ గుండ్రని అప్పచ్చివలె పలుచగానుండి చుట్టును ఱెక్క గలిగియుండును. నడుమ ఒకటి, అరుదుగ రెండు గింజలు. గాలికి కొంతదూరమెగిరి రాళ్లనడుమ పడును. కాయపెంకు గట్టిది గనుక మొలచునవి తక్కువ. మొలచినవానిలో పశువులు మేసినవి, కార్చిచ్చున కాలినవి పోగా మిగులునవి ఇంకను తక్కువ.

ఇక వాసన. రక్తచందనమునకు సువాసన లేదు. మన పూర్వులిది యెఱిగినవారే. అమరకోశమున దీనికి రంజనమనియు, కుచందనమనియు పేళ్లు గలవు. రంగునిచ్చునది గావున రంజనము; గంధము లేని చందనము గావున కుచందనము. రెండు మాటలలో చెట్టు గుణమంతయు చెప్పిరి. సూర్యునికి అర్ఘ్యమిచ్చు నీటిలో రక్తచందనమును, ఎఱ్ఱపూవులను కలుపు ఆచారము నేటికిని మన యిండ్లలో గలదు. అది వన్నె కొఱకే గాని వాసన కొఱకు గాదు. కావున ఎవరైనను పరిమళించు ఎఱ్ఱచందనపు పొడి యని అమ్మజూపినచో, అందు వేఱేదియో కలిసినదని గ్రహింపుడు. మంచి చేవచెక్క ముక్కను నీటిలో వేసిన మునుగును. దానియందలి ఎఱుపు చన్నీటిలో అంతగా దిగదు, సారాయములోనైన బాగుగ దిగును. చెంబెడు నీటిలో చిటికెడు పొడి వేయగనే కుంకుమనీళ్లవలె ఎఱ్ఱనైన, అది రంగు కలిపినదేమో యని సందేహింపవలయును. ముఖమునకు పూసికొను పొడి విషయమున ఈ జాగ్రత్త మఱి ముఖ్యము.

ఈ సంగతులన్నియు నేడు వ్రాయుటకు కారణము ఒక కరపత్రము.

మా యింటికి నాలుగిండ్ల యవతల కడప ప్రాంతపు కుటుంబమొకటి కలదు. అత్తగారు డెబ్బదియేండ్లు దాటిన పెద్ద. నేనామెను పిన్నిగారని పిలుతును. కోడలు నన్ను అక్కా యని పిలుచును. మొన్న మాఘమాసములో ఆ కోడలొక రంగుల కాగితము తెచ్చి నా చేతబెట్టినది. నగరమునకు కొంతదూరమున పొలమును చిన్నచిన్న ముక్కలు చేసి, ముక్కకు ఇన్నేసి ఎఱ్ఱచందనపు మొక్కలు నాటి అమ్మెదరట. పదునైదేండ్లలో చెట్టొకటికి లక్షలు వచ్చునట. "అక్కా, పిల్ల పెళ్లి నాటికి చేతికి వస్తుంది. నా గాజులు, హారము బ్యాంకులో పెడితే మొదటి వాయిదా కట్టవచ్చు. మాస్టారుగారిని ఒకసారి చూడమనండి" అన్నది. కంపెనీ పేరు నేను వ్రాయను. అట్టి కాగితములు నగరములో ననేకములు తిరుగుచున్నవి.

మా వారు లెక్కల పంతులు. కాగితమును అటునిటు త్రిప్పి, "ఇందులో లాభము వ్రాసినారు గాని లెక్క వ్రాయలేదు" అన్నారు. పిన్నిగారు మాత్రము కాగితము చూడనే లేదు. ఆమె చిన్నతనమంతయు పాలకొండల దాపున గడచినది. "అమ్మాయీ, ఆ చెట్టు మా కొండరాయి తిని పెరిగేది. నీళ్లు పోస్తే బలుస్తుంది, చేవ పట్టదు" అన్నది.

ఆ మాటలో చాల శాస్త్రమున్నది. ఎఱ్ఱచందనపు వెల యంతయు చేవలోనే గలదు. పైనుండు తెల్లచెక్కకు వెల లేదు. చేవ ఏర్పడుట మిక్కిలి నెమ్మదియైన పని. ఆ కొండలలో రాతినేల, తక్కువ వాన, మండుటెండ. అట్టిచోట ఏడాదికేడాది కొంచెము కొంచెముగా పెరిగిన చెట్టునకు చేవ గట్టిపడును. సారవంతమైన పొలములో నీరు పెట్టి పెంచినను చెట్టు బ్రదుకును; తెలంగాణములోను, కర్ణాటకములోను, తమిళదేశములోను నాటినవి పెరుగుచున్నవి. కాని మాను లావైనంత మాత్రమున లోపల చేవ యెంత యున్నదో బయటికి దెలియదు. ఇరువదియేండ్లకును చాల చెట్లలో చేవ లేతగానే యుండును. అలలవలె పొరలు దీరిన చెక్కకు అన్నిటికంటె వెల హెచ్చు. ఆ పొర కొన్ని చెట్లకే యుండును. నరికి చూచినగాని నిశ్చయముగా చెప్పలేరు.

కావున ఆ కోడలికి నేను చెప్పినది యిది. గాజులు ఎక్కడికిని పోవు. ముందుగా ఆ యమ్ముడువానిని కూర్చుండబెట్టి అడుగుము. నేల నీ పేర రిజిస్టరగునా, లేక చెట్లు మాత్రమే నీవియా? నేల వారిదే యైనచో, చెట్లు నీవని ఏ కాగితము చెప్పును? పదునైదేండ్లు కాపలా ఎవరు కాయుదురు, ఆ ఖర్చెవరిది? చెట్టు దొంగ యెత్తుకొనిపోయిన నష్టమెవరిది? సొంత పొలములో పెంచినదైనను దానిని కొట్టుటకును, తరలించుటకును అటవీశాఖ అనుమతి కావలయునే, ఆ పనికి నీవు తిరుగుదువా, వారు తిరుగుదురా? కొనువాడెవడు? ఈ కడపటి ప్రశ్నకు ఉత్తరము నోటిమాటగా చెప్పించుకొనరాదు, వ్రాయించుకొనవలయును. నాటిన వెల నేడే పుచ్చుకొని, కోతవెల పదునైదేండ్ల తరువాతనని చెప్పువాడు అప్పటికి ఆ వీథిలో నుండునా యనునది నా సొంత సందేహము. ఆమె కాగితమును మడిచి పట్టుకొనిపోయినది. ఇప్పటికి హారము మెడలోనే యున్నది. పట్టుదలయు మనసులోనే యున్నది.

అసలు ఇంత వెల యెందుకు పలుకుచున్నదని మీరడుగవచ్చును. ఈ చెక్క మనకంటె పరదేశులకే ప్రియము. చీనా చక్రవర్తులు మింగు, చింగు వంశముల కాలమున తమ సింహాసనములకు, బీరువాలకు ఈ చెక్కను వాడిరి. దీనికై బీజింగులో 1999లో ఒక ప్రదర్శనశాలయే వెలసినది. జపానులో షామిసెన్ అను మూడుతంత్రుల వాద్యమునకు మెడ దీనితో చేయుదురు. మన వీణకు పనసచెక్క యెట్లో వారికిదట్లు. మధ్యయుగమున ఐరోపా వంటలలో సైతము దీని పొడిని రంగు కొఱకు వేసెడివారు. మనమో, చిన్న సానమీద అరగదీసి మొగమున ఉంచుకొని ఊరకుంటిమి.

ఆ వెలయే చెట్టునకు మృత్యువైనది, మనుష్యులకును. కొండ క్రింద కూర్చుండి సొమ్ము లెక్కించువారొకరు, గొడ్డలి భుజాన వేసికొని రాత్రివేళ కొండయెక్కువారు వేఱొకరు. ఎక్కువారు తఱచు తమిళదేశపు కొండపల్లెల బీదలు. 2015 ఏప్రిల్ 7వ తేదీన శేషాచలపు అడవిలో పోలీసుల కాల్పులకు 20 మంది మరణించిరి. వారిలో ననేకులు తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల కూలీలు. దుంగలు దొంగిలించుచు తమపై తిరుగబడిరని పోలీసులు, అది నిజము కాదని మానవహక్కుల సంఘములవారు వాదించిరి. ఆ వాదము తీర్చుట నావంటిదాని పని కాదు. కాని ఆ మఱునాటి పత్రికలలో పడిన బొమ్మలలో గుడిసెల యెదుట కూలబడిన స్త్రీలను చూచితిని. దుంగ ఏ దేశమునకు పోవునో, ఏ ధనికుని చావడిలో కుర్చీ యగునో వారికేమి తెలియును? 2021లో ఈ దొంగరవాణా కథ మీద వచ్చిన సినిమాను మనమందఱము చూచి చప్పట్లు కొట్టితిమి. అందు నాయకుడు గెలిచెను. ఆ గుడిసెలలో గెలిచినవారు లేరు.

ఇట్టిదే హవాయి దీవులలోను జరిగినది. పందొమ్మిదవ శతాబ్దారంభమున అక్కడి కొండలలోని శ్రీగంధమునకు చీనాలో గిరాకి పుట్టినది. దొరల ఓడలకు, పట్టుబట్టలకు అప్పులు పడిన నాయకులు, తమ ప్రజలను పొలములు విడిపించి కొండలకు తోలిరి. చలిలో దుంగలు మోసి మోసి జనులు కృశించిరి. పంట వేయువారు లేక కఱవు వచ్చెను. 1840 నాటికి అమ్మదగిన గంధపుచెట్టు దాదాపు మిగులలేదు. మొదట చెట్టు వెల తినినది, పిదప మనిషి వెల తినినది.

మన చెట్టుపై కాపుదల లేకపోలేదు. 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయవనమును, 2010లో శేషాచల జీవావరణ సంరక్షణ మండలమును ఏర్పఱచిరి. 1995 నుండి సైటీస్ అను అంతర్జాతీయ ఒప్పందము ననుసరించి దేశముల నడుమ దీని వర్తకమునకు కట్టుదిట్టములు గలవు. రైతులు పెంచిన చెట్ల విషయమున 2023లో ఆ కట్టుబాటు కొంత సడలినది. న్యాయముగా పెంచినవారికి అది మేలే. అంతర్జాతీయ ప్రకృతిరక్షణ సంఘమువారి పట్టికలో ఒకప్పుడు ప్రమాదము తగ్గినట్లు వ్రాయబడినను, మరల ఇది అంతరించు ప్రమాదమున నున్న చెట్ల వరుసకే చేరినది. పొలములలో నాటిన మొక్కలు లక్షలైనను అడవిలోని చెట్టునకు బదులు కావు. అడవిచెట్టు గింజలలోనే వంశపు వైవిధ్యమంతయు నున్నది. మొలొకాయి తోటలోని ఒక్క కొమ్మ కథ ఇందుకే ముందుగా చెప్పితిని.

అన్నట్లు, ఆ కొండలకిది యొక్కటే సొంతబిడ్డ కాదు. తెల్లకరక, మొగి, తంబుగాయ మొదలైనవియు ఆ ప్రాంతమును మిక్కిలి దాటనివే. తిరుమలకు మెట్లదారిని పోవునపుడు మనము గోవిందనామమునకు తలయెత్తుదుము గాని ప్రక్క చెట్టునకు తలయెత్తము. ఈసారి పోయినవారు, వేసవి మొదలైన, పసుపుపూలు రాలిన తావులను చూచి రండు. కాయ యొకటి ఏరి తెచ్చుకొనుటయు అచ్చట నేరము. చూచుటకు మాత్రము రుసుము లేదు.

బొమ్మల సంగతి మిగిలినది. ఎఱ్ఱచందనముతో రాజు రాణి బొమ్మలను చెక్కి, పెండ్లిలో ఆడపిల్లకిచ్చి, దసరా కొలువులో పైమెట్టున నిలుపు వాడుక తిరుపతి ప్రాంతమునను, తమిళుల యిండ్లలోను గలదు. మరపాచి బొమ్మలందురు. పిన్నిగారి జంట అఱువదియేండ్లనాటిది. ఏటేట కొలువులో నిలుపుటకు ముందు ఆమె వానికి చిన్న చీర, చిన్న పంచె కట్టును. రాణి ముక్కు అరిగిపోయినది. పెద్దకొడుకు పండ్లు వచ్చునపుడు కొఱికెనని ఆమె చెప్పును. చెక్కపై నూనెచేయి పడి పడి నల్లనై మెఱయుచున్నవి. వానిని తమ యింటిలో గలవారు భద్రముగా నుంచుకొనుడు, కొత్తవి కొనుటకు తొందరపడకుడు. కొనదలచినచో ప్రభుత్వమువారి హస్తకళా విక్రయశాలలో చీటీ వ్రాయించుకొని కొనుడు. వీథిలో సంచి విప్పి చౌకగా నిచ్చెదనను వానివద్ద కొనినచో, అది రంగువేసిన వట్టికొయ్యయైన మీ సొమ్ము పోవును; నిజముగా చందనమేయైన, అది ఏ రాత్రి ఏ కూలి దించిన దుంగయో మీకు తెలియదు.

పిన్నిగారిని ఆ జంట మనుమరాలి పెండ్లికి ఇత్తురా యని అడిగితిని. "ఇవ్వక నేనేం చేసుకుంటాను? అయితే ముక్కు బాగు చేయించవద్దని చెప్పే ఇస్తాను" అన్నది.